శాపం తీరిన తరువాతి పేజీలు

నేను ఇంటర్మీడియెట్ చదివే రోజుల్లో మా ఇంట్లో నవలలు చదివేవాళ్ళం ఇద్దరమే. నేనూ, మా పిన్నీ. పిన్ని అమ్మకు సొంత చెల్లెలు. పెళ్ళి కాలేదు. కృష్ణదేవిపేట దాటి కొండలెక్కాక, జీపు తప్ప మరేదీ పోని ఒక ఊళ్ళో ప్రభుత్వ నర్సుగా పనిచేసేది. శనివారం సాయంత్రానికి నర్సీపట్నంలో మా ఇంటికి దిగి, ఆదివారం మాతో చర్చికి వచ్చి, సోమవారం పొద్దున్నే మళ్ళీ కొండెక్కేది. వానలు పట్టి గెడ్డలు, అంటే ఆ కొండవాగులు, పొంగితే వారాల తరబడి ఆమె జాడ ఉండేది కాదు.

ఆమె వచ్చేసరికి బస్సు కాంప్లెక్సు దగ్గరి సందులో ఉన్న అద్దె పుస్తకాల షాపు నుంచి నవలలు తెచ్చి ఉంచడం నా పని. ఆ షాపులో కుటుంబ కథలూ, డిటెక్టివులూ ముందు వరసలో ఉండేవి. మాకు కావలసినవి వెనక గోడకి, చీకట్లో ఉండేవి. మాంత్రికులు, శాపాలు, గంధర్వులు, నీటి అడుగున నగరాలు. వాటిలోనూ మేమిద్దరం పంచుకున్నాం. మంత్రాలూ యుద్ధాలూ ఉన్నవి నాకు. మానవకన్యను ప్రేమించిన దేవలోకపు మగవాళ్ళ కథలు పిన్నికి. షాపాయన నన్ను చూడగానే, "మీ పిన్నిగారికి కొత్త గంధర్వుడొచ్చేడమ్మా," అనేవాడు. ఎవరైనా వింటారేమోనని నేను నవ్వేదాన్ని కాదు.

భయానికి కారణం మా నాన్న. ఆయన హైస్కూలు మాస్టారు, మా చర్చి సంఘంలో పెద్ద. తాతల కాలంలో మిషన్ బడిలో అక్షరాలు దిద్దుకున్న కుటుంబం మాది. చదువంటే ఇంట్లో అందరికీ గౌరవమే కాని, ఆ గౌరవం బైబిలు దగ్గర మొదలై క్లాసు పుస్తకాల దగ్గర ఆగిపోయేది. ఒక ఆదివారం ఆయన మంచం మీద ఉన్న నవల తీసి, అట్ట మీది పుర్రెను చూసి, పిన్నిని అడిగారు.

"ఈ మాంత్రికుల పుస్తకాలు మనకెందుకమ్మా? వాక్యం ఏటి చెప్తోంది?"

"అబద్ధవని తెలిసే చదువుతున్నాం బావగారూ," అంది పిన్ని. "నిజవనుకుంటే కదండీ పాపం."

నాన్న పుస్తకం ఎక్కడ తీశారో అక్కడే పెట్టారు. ఆ తరువాత నేను ప్రతి నవలకీ పాత పేపరుతో అట్ట వేసేదాన్ని. లోపల ఏముందో ఆయనకు తెలుసు. అట్ట ఉంది కాబట్టి అడగనవసరం లేదన్నట్టు ఊరుకునేవారు.

పిన్నికి బొల్లి. నర్సు ట్రైనింగులో ఉండగా వేళ్ళ చివర్లలో తెల్లగా మొదలై, నేను ఆమెను బాగా ఎరిగేనాటికి చేతులకీ, పెదవుల చుట్టూ, ఒక కంటి చుట్టూ వచ్చింది. అది అంటదని ఆమెకి తెలుసు, మాకు తెలుసు, సంఘంలో చాలామందికీ తెలుసు. అయినా ప్రభువు బల్ల నాడు ఒకే గిన్నెలోంచి అందరూ ద్రాక్షరసం తాగేటప్పుడు పిన్ని తరువాత నిలబడ్డ ఒక పెద్దావిడ, గిన్నె తన ముందుకు వచ్చేసరికి కళ్ళు మూసుకుని గట్టిగా ప్రార్థనలో పడిపోయింది. పాస్టరుగారు కాసేపు చూసి ముందుకు వెళ్ళిపోయారు. మరుసటి నెల నుంచి పిన్ని వరస చివర నిలబడేది. ఎవరూ నిలబడమనలేదు.

సంబంధాలు వచ్చేవి. యలమంచిలి నుంచి, తుని వైపు నుంచి. వచ్చినవాళ్ళు ముందుగానే విని ఉండేవారు, అయినా చూసేసరికి అనుకున్నదానికన్నా ఎక్కువగా ఉన్నట్టు వాళ్ళ ముఖాలు చెప్పేవి. మర్యాదగా టిఫిన్ తిని, మళ్ళీ కబురు చేస్తామని లేచేవారు. వాళ్ళు వెళ్ళాక అమ్మ ప్లేట్లు కడుగుతూ ముక్కు చీదుకునేది. పిన్ని మాత్రం చీర మార్చుకుని పెరటి అరుగు మీదికి వచ్చి, "ఏటే, ఆ పుస్తకం ఎంతవరకొచ్చింది?" అని అడిగేది.

ఆ అరుగు మీదే మా వాదనలన్నీ జరిగాయి. పిన్ని కొండ నుంచి చింతపండు తెచ్చేది. ఆదివారం భోజనాలయ్యాక దాన్ని ముందేసుకుని పిక్కలు తీస్తూ మాట్లాడుకునేవాళ్ళం. ఒక నవల బాగా గుర్తుంది. నది అడుగున ఉండే రాజకుమారుడు వాన కురుస్తున్నంతసేపే నేల మీద ఉండగలడు. వాన వెలిస్తే నీరై కరిగి నదిలోకి వెళ్ళిపోతాడు. ఒక పడవవాడి కూతురు అతన్ని ప్రేమించి, ఏడాదంతా ఆకాశం చూస్తూ గడుపుతుంది. ఆఖరి అధ్యాయంలో ఒక ఋషి ఊడిపడి, ఆ అమ్మాయి కన్నీళ్ళు కూడా వానతో సమానమేనని తేల్చి, రాజకుమారుణ్ణి శాశ్వతంగా ఒడ్డున ఉంచేస్తాడు.

"మోసం పిన్నీ," అన్నాను. "వానంటే వానే. కన్నీళ్ళు వాన ఎలాగవుతాయి? అవుతాయంటే మొదటే చెప్పాలి. మంత్రానికైనా ఒక పద్ధతి ఉండాలి కదా."

"నీకన్నీ పద్ధతి ప్రకారవే జరగాల. మీ నాన్న కూతురివి మరి," అంది పిన్ని. "నాకు ఆ ఋషి అక్కర్లేదే. ఆ పిల్ల గుమ్మంకాడ కూకోని మబ్బు వేపు చూస్తాది చూడు, మబ్బు పట్టీసరికి జడేసుకుంటాది, ఈదురుగాలొచ్చి మబ్బెగిరిపోతే జడిప్పీసుకుంటాది, అది రాసేడు కదా. అక్కడికి చాలు. ఆ తరవాత ఏటి రాసినా నాను పట్టించుకోను."

నేను ఆ జడ సంగతి గమనించనేలేదు. కథ పరిగెత్తడం లేదని ఆ పేజీలు గబగబా తిప్పేశాను. నవల చదవడంలో నాకూ ఆమెకూ ఉన్న తేడా అది. నేను చివర ఏమవుతుందో చూసేదాన్ని, ఆమె మధ్యలో ఎవరు ఎలా కూర్చున్నారో చూసేది.

ఇంకొకటి శాపగ్రస్తురాలైన రాకుమార్తె కథ. ఒక ముని శాపంతో ఆమె ముఖం చింతచెట్టు బెరడులా మారిపోతుంది. అడవిలో ఒంటరిగా పాడుకుంటుంటే గంధర్వుడొకడు ఆ గొంతు విని కిందికి దిగుతాడు. ఆమె ముఖానికి ముసుగు వేసుకుని మాట్లాడుతుంది. అతను ముసుగు తీయమని ఒక్కనాడూ అడగడు. నీ మనసే నాకు కనిపిస్తోందంటాడు. చివరకు అతని ప్రేమ వల్ల శాపం తీరి, ఆమె ముసుగు జారి, లోకంలో లేని అందం బయటపడుతుంది. నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. పిన్నికీ నచ్చుతుందనుకుని దాచి ఉంచి ఇచ్చాను.

ఆమె మరుసటి వారం పుస్తకం తిరిగి ఇస్తూ, "రాసినోడు ఆఖర్న భయపడిపోయేడే," అంది.

"దేనికి?"

"శాపం తీరకపోతే ఆ గంధర్వుడేటి చేస్తాడో రాయడానికి. పుస్తకవంతా నీ మనసే చాలు అన్నోడు, ఆఖరి పేజీలో దాని మొకం చూసి మురిసిపోతాడేటి? మనసే చాలితే మొకం బాగవడం దేనికి? శాపం తీరిపోయేక ఆళ్ళ కథ ఎవుడైనా రాస్తాడు. తీరకుండా ఉన్నోళ్ళది రాయమను."

ఆమె గొంతులో కోపం లేదు. చింతపిక్క ఒకటి వేలితో నొక్కి పక్కన పడేసింది. నేను ఆ తెల్లటి వేళ్ళ వైపు చూడకుండా ఉండాలని ఎంతో ప్రయత్నించాను.

ఆ తరువాత నేను వెనక గోడ పుస్తకాలన్నిటిలో అలాంటి ముగింపు కోసం వెతికాను. ముందు ఆఖరి పేజీలు తిప్పి చూసి గాని పుస్తకం తెచ్చేదాన్ని కాదు. కప్పగా మారినవాడు మళ్ళీ మనిషయ్యేవాడు, గుడ్డిదానికి చూపు వచ్చేది, గూనివాడు నిటారుగా నిలబడేవాడు. ప్రేమ దొరికితే చాలు, ఒంటికి ఉన్న లోపమంతా పోయేది. పోకపోతే ఆ ప్రేమలోనే లోపమున్నట్టు. ఇలాంటి కథలు చదివి పెరిగిన పెళ్ళికొడుకులు మా ఇంటి టిఫిన్ తిని లేచిపోవడంలో వింతేముందని, ఆ వయసుకే నాకనిపించింది. షాపాయన మాత్రం, "ఆఖరి పేజీ చూసి పుస్తకం తీసుకోకూడదమ్మా," అని బాధపడేవాడు.

నేను డిగ్రీలో చేరిన ఏడాది వానలు జూన్‌లోనే పట్టాయి. పిన్ని చాలా వారాలు రాలేదు. జీపుల వాళ్ళని అడిగితే పైన జ్వరాలున్నాయని చెప్పేవారు. జ్వరాలు ఏటా ఉండేవే కాబట్టి మేము మరీ కంగారు పడలేదు. చివరకు ఒక మధ్యాహ్నం రిక్షాలో ఇంటి ముందు దిగింది. ఆమెకే జ్వరం. జాకెట్టు చేతులు వదులైపోయి ఉన్నాయి. వెంట ట్రంకుపెట్టె ఉంది. పెట్టె చూసి అమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

జరిగిందంతా ఆమె ఒక్కసారిగా చెప్పలేదు. పడుకునీ లేచీ, మధ్యలో ఆపి, కొన్ని వారాలపాటు చెప్పింది.

ఆమె ఉండే ఊరికి పైన ఒక గూడెంలో పిల్లలు వరసగా జ్వరంతో పోయారు. మెదడుకెక్కే మలేరియా. పిన్ని నడిచి వెళ్ళి, గాజు పలకల మీద రక్తం తీసి పరీక్షకి కిందికి పంపేది. కబురు వచ్చేసరికి ఆ పిల్ల ఉండేది కాదు. మాత్రలు అయిపోయాయి. గెడ్డ పొంగి జీపు రాలేదు. పిల్లల్ని పోగొట్టుకున్నవాళ్ళకి ఎవరో ఒకరు కారణం కావాలి. దోమ వల్ల అని పిన్ని చెప్పింది. దోమలు ఎప్పుడూ ఉన్నవే, ఈ ఏడే ఎందుకు చంపుతాయని వాళ్ళు అడిగారు. అది సరైన ప్రశ్నే, నా దగ్గర మంచి జవాబు లేదు అంది పిన్ని.

గూడెం చివర ఒక ముసలామె ఒంటరిగా ఉండేది. నడుస్తూ తనలో తాను మాట్లాడుకునే అలవాటు. చేతబడిని అక్కడ చిల్లంగి అంటారు. పిల్లలకి ఆమే చిల్లంగి పెట్టిందన్నారు. ఒకనాడు ఆ ముసలామె దిగి వచ్చి పిన్ని ఉండే గది వరండాలో కూర్చుంది. ఏమీ అడగలేదు. పిన్ని అన్నం పెట్టి, అక్కడే ఉండమంది. ముసలామె పొద్దున్నే లేచి వాకిలి ఊడ్చేది, పిన్ని వద్దన్నా బట్టలుతికేది. కొన్నాళ్ళకి కొడుకు వచ్చాడు. పెద్దలందరూ కూర్చుని మాట్లాడుకున్నారనీ, ఇంక ఎవరూ ఏమీ అనరనీ చెప్పి, తల్లిని తీసుకెళ్ళాడు. ఆ వారం తిరక్కుండానే ముసలామె గెడ్డలో శవమై దొరికింది. కొడుకు మోసం చేశాడో, కొడుకునే మోసం చేశారో పిన్నికి ఎన్నటికీ తెలియలేదు.

అక్కడితో ఆగలేదు. ముసలామెని ఇంట్లో పెట్టుకున్న నర్సమ్మ చేతులెలా ఉన్నాయో చూశారా అని ఎవరో అన్నారు. ఆ చేతులు అంతకుముందు ఆ ఊళ్ళో ఎందరివో కాన్పులు చేశాయి. అప్పుడెవరికీ వాటి రంగు కనబడలేదు. ఇప్పుడు తల్లులు పిల్లల్ని సూదికి తేవడం మానేశారు. నెలలు నిండుతున్న ఒక అమ్మాయి, మొదటి నుంచి పిన్ని చూసుకుంటున్న అమ్మాయి, నొప్పులు వస్తే కబురు చేయలేదు. ఒక పొద్దున్న తలుపు తీసేసరికి గడప ముందు, చిల్లంగి బయటికి రాకుండా కట్టేసినట్టు, బూడిదతో అడ్డంగా గీత గీసి ఉంది. పై ఆఫీసు వాళ్ళకి భయమేసి ఆమెను కిందికి దించేశారు. ఆ జ్వరంతోనే పెట్టె సర్దుకుంది.

"వాళ్ళ మీద నాకు కోపం లేదే," అంది పిన్ని. "ఆ గీత దాటి బయటికి రావాలంటే నాక్కూడా కాలాడలేదు. అంత చదువుకుని, ఆ బూడిద దగ్గర నిలబడిపోయేను."

జ్వరం తగ్గినా ఆమె చాలా నీరసంగా ఉండేది. పుస్తకం ఎక్కువసేపు పట్టుకోలేకపోయేది. నేను చదివి వినిపిస్తానన్నాను. ఇంట్లో అప్పుడున్నది నా రకం నవలే. చిత్తడి నేలల్లో ఉండే మాంత్రికుడు రాజకుమారుల నీడల్ని కుండల్లో బంధించి ఉంచుతాడు. కథానాయకుడు ఆ కుండలు పగలగొట్టాలి. ముందు మాంత్రికుడి తల్లిని దాటాలి. ఆమె గుట్ట మీద గుడిసెలో, జుట్టు విరబోసుకుని, తనలో తాను గొణుక్కుంటూ, కళాయిలో ఏదో కలుపుతూ ఉంటుంది. కథానాయకుడు వెనక నుంచి వచ్చి కత్తి ఎత్తుతాడు. నేను ఆ చోటు బాగా రక్తి కట్టించి చదువుతున్నాను.

"ఆపీ," అంది పిన్ని.

ఆపాను. ఆమె గోడ వైపు తిరిగి పడుకుని ఉంది.

"ఆ ముసల్ది తనలో తాను మాటాడుకుంటంది అన్నావు. ఏటి మాటాడుకుంటందో రాసేడా?"

పేజీ వెనక్కి తిప్పి చూశాను. "రాయలేదు పిన్నీ."

"రాయడు."

నిద్రపోయిందనుకుని నేను లేవబోతుంటే మళ్ళీ మాట్లాడింది.

"మీ నాన్న కొండోళ్ళ అజ్ఞానం పోవాలని ప్రార్థన చేస్తన్నారు. మంచిదే. కానీ ఇది రాసినోడు కొండోడు కాదు కదే. అచ్చేసినోళ్ళు, అద్దెకిచ్చినోళ్ళు, మనవూ, అందరం చదువుకున్నోళ్ళవే. ఆళ్ళు కడుపున పుట్టినోళ్ళని పాతిపెట్టుకుని నమ్మేరు. మనం జంతికలు తింటా చదివేం."

ఆ పుస్తకం నేను పూర్తి చేయలేదు. మర్నాడే షాపులో ఇచ్చేశాను. ఆ తరువాత కూడా మాంత్రికుల నవలలు ఎత్తి చూశాను కాని, అంతకుముందులా లోపలికి వెళ్ళలేకపోయాను. ఈ కథలన్నిటిలో చెడు అంతా ఒక్క శరీరంలో ఉంటుంది. ఆ శరీరానికి ఎర్రకళ్ళో, గూనో, నల్లటి నాలుకో గుర్తుగా పెడతారు, మనం తప్పుగా గుర్తుపట్టకుండా. దాన్ని నరికేస్తే ఎండిన చెరువులు నిండుతాయి, రాళ్ళైపోయినవాళ్ళు లేచి నడుస్తారు. నరికినవాడికి రాజ్యం దక్కుతుంది. పైన ఆ గూడెంలో చెడు ఎక్కడుంది? నిలవనీళ్ళలో, అందని మాత్రల్లో, రాని జీపులో. వాటి ముందు కత్తి పట్టుకున్న కథానాయకుడు ఏం చేస్తాడు? దగ్గరున్న ముసలామెనే నరుకుతాడు. నాకు బాగా ఇష్టమైన కథల సారం ఇదేనని అర్థమయ్యాక, ఆ ఇష్టం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నాన్న మాత్రం అట్టలేసిన పుస్తకాలు ఇంట్లోంచి పోయినందుకు సంతోషించారు. ప్రభువు ఒక కష్టం ద్వారా మీ ఇద్దరినీ మళ్ళించాడన్నారు. పిన్ని అవునండీ అంది.

ఆమెకు ఎస్. రాయవరంలో పోస్టింగు ఇచ్చారు. అక్కడే రెండు గదులు అద్దెకు తీసుకుంది. శనివారాలు రావడం మళ్ళీ మొదలైంది. గంధర్వుల్ని మాత్రం ఆమె వదల్లేదు. వాళ్ళు ఎవర్నీ చంపరు కదా అనేది. నేను బీఈడీ చేసి, ఊళ్ళోనే ఒక ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేరి, పెళ్ళి చేసుకుని రెండు వీధుల అవతలికి కాపురానికి వెళ్ళాను. నవలలు తేవడం మాత్రం నా పనిగానే ఉండిపోయింది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో యలమంచిలి నుంచి ఒక సంబంధం వచ్చింది. ఆయన అక్కడే ఒక ఆఫీసులో గుమాస్తా, మా సంఘం వాళ్ళకి తెలిసిన కుటుంబం. భార్య పోయి చాలా కాలమైంది. ఎవర్నీ వెంటబెట్టుకోకుండా ఒక్కడే వచ్చాడు. పిన్ని టీ తెచ్చి ఇస్తే, ఆమె చేతి వైపు ఒకసారి మామూలుగా చూసి, గ్లాసు అందుకుని తాగాడు. అంతే. ఆ టీ తాగిన తీరు గురించి పిన్ని నాతో ఎన్నిసార్లు మాట్లాడిందో. ముప్ఫైతొమ్మిదో నలభయ్యో ఉంటాయి అప్పుడామెకి.

ఆయన కొన్ని ఆదివారాలు అమ్మావాళ్ళింటికి వచ్చాడు. వీధి వరండాలో, అందరికీ కనబడేలా కూర్చుని మాట్లాడుకునేవారు. "నేను నవలలు చదవనండి. మీరు చదివింది చెప్పండి, వింటాను," అన్నాడట. పిన్ని వాన రాజకుమారుడి కథ చెప్పింది. ఆయన అంతా విని, "ఆ అమ్మాయే వెళ్ళి నదిలో ఉండొచ్చు కదండీ. పడవవాడి కూతురికి ఈతొచ్చే ఉంటుంది," అన్నాడట.

పిన్ని ఇది చెప్పి నవ్వింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా ఆమె నవ్వడం నేను చూసింది బహుశా అప్పుడే. "ఇన్నేళ్ళూ చదివేం, మనకి తట్టలేదు చూడు," అంది.

పెళ్ళి నిశ్చయమైంది. పాస్టరుగారు చర్చిలో పెళ్ళి ప్రకటన చేయబోయే ముందు ఆదివారం పెళ్ళికొడుకు వచ్చి, చెప్పులు విప్పకుండా వరండా మెట్టు మీదే కాసేపు నిలబడ్డాడు. పిన్ని కుర్చీ చూపిస్తే కూర్చున్నాడు. నేను గుమ్మం దగ్గరే ఉన్నాను.

"మా అక్కగారు ఒక మాట అడగమన్నారండి," అన్నాడు. "పెళ్ళినాడు చేతులకి ఎలాగూ గ్లోవ్సు ఉంటాయి కదా. మొహానికి కూడా, విశాఖపట్నం నుంచి మేకప్ చేసే అమ్మాయిని పిలిపిస్తే... అసలు తెలియకుండా చేస్తారంట. ఆ ఒక్కరోజుకే."

"ఇది మీ అక్కగారికి కావాలా అండీ, మీక్కావాలా?"

ఆయన కింద చూస్తూ ఆలోచించాడు. అబద్ధం చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. "ఫొటోలు ఎప్పటికీ ఉండిపోతాయి కదండీ," అన్నాడు.

పిన్ని ఆలోచించుకుని చెప్తానంది. ఆ వారం ఆమె రాయవరం నుంచి ఏ కబురూ చేయలేదు. తరువాతి శనివారం వచ్చి, వద్దని చెప్పేయమని నాన్నతో అంది. అమ్మ ఏడ్చింది, తిట్టింది. "ఒక్కరోజు పూసుకుంటే నీదేటి పోయిందే? ఊళ్ళో ఏ పెళ్ళికూతురు పూసుకోలేదు?" అంది. యలమంచిలి ఆయన ఒకసారి మా ఇంటిదాకా వచ్చి, నాన్నతో మాత్రం మాట్లాడి వెళ్ళిపోయాడు. ఏడాది తిరగకముందే ఆయనకు వేరే చోట పెళ్ళయిందని తెలిసింది.

నాకు ఆ రోజుల్లో పిన్ని మీద చెప్పలేనంత గౌరవం కలిగింది. ఎవరూ రాయని ముగింపు ఆమె రాసిందనుకున్నాను. ఆ మాటే ఆమెతో అన్నాను కూడా. ఆమె విని, నా పాపకి స్వెట్టరు గుండీలు పెడుతూ ఉండిపోయింది.

కొన్నేళ్ళ తరువాత, రాయవరంలో ఆమె గదిలో ఇద్దరం చిక్కుళ్ళు ఒలుస్తున్నాం. ఏ సందర్భమూ లేకుండా, "పూసుకోవాల్సిందేమోనే," అంది.

నేను ఇంకో చిక్కుడుకాయ తీసుకున్నాను.

"మంచోడే. ఫొటో దగ్గర భయపడ్డాడు, అంతే కదా. పుస్తకంలోవోడు భయపడితే తిట్టి అవతల పడేస్తాం, ఇంకోటి తెచ్చుకుంటాం. నాను ఆయన్ని కూడా అలాగే చేసీసేను. మనిషి కదా. మర్నాటికి బాగుపడునేమో."

కిటికీలోంచి హైవే వైపు వెళ్ళే చెరుకు బండ్లు కనిపిస్తున్నాయి. ఆమె చెప్పింది నిజం కావచ్చు, కాకపోవచ్చు. ఆ పెళ్ళి జరిగి, గోడ మీద ఎవరిదో అనిపించే ముఖంతో ఆమె ఫొటో వేలాడుతూ ఉంటే, అప్పుడామె ఏమనేదో కూడా నాకు తెలియదు. నవలలో అయితే రెండు దారుల్లో ఒకటి ఒప్పని రచయిత తేల్చి చెప్తాడు. ప్రేమకథల మీద నాకున్న పెద్ద ఫిర్యాదు ఇప్పుడు అదే. రాక్షసులూ గంధర్వులూ ఉన్నందుకు కాదు, మనుషులు ఒక నిర్ణయం తీసుకున్నాక దాంతో ఎన్నేళ్ళు బతకాలో ఆ పుస్తకాల్లో ఎక్కడా ఉండదు.

ఆ తరువాతి ఏళ్ళలో తెల్లమచ్చలు ఒకదానితో ఒకటి కలిసిపోయాయి. ముందు ముఖం, తరువాత మెడ, చేతులు. చివరికి ఆమె పుట్టినప్పటి రంగు చెవుల వెనక కాస్త తప్ప ఎక్కడా మిగల్లేదు. రాయవరంలో కొత్తగా వచ్చినవాళ్ళకి ఆమె సంగతి తెలియదు. ఒకసారి నేను వెళ్ళినప్పుడు, బిడ్డకు చుక్కలమందు వేయించుకోవడానికి వచ్చిన ఒక చిన్నవయసు తల్లి, "ఎంత తెల్లగా ఉన్నారండీ మీరు. మా పాపక్కూడా మీ రంగే రావాలండీ," అంది. పిన్ని బిడ్డ గడ్డం పట్టుకుని నోరు తెరిపించి, మందు వేసి, మళ్ళీ ఎప్పుడు రావాలో చెప్పి పంపించింది. ఆ అమ్మాయి వెళ్ళాక చేతులు కడుక్కుంటూ చాలాసేపు కుళాయి దగ్గరే ఉంది.

ఆమె చదవడం ఎప్పుడు మానేసిందో నేను గమనించలేదు. ఒకసారి ఇచ్చిన నవల నెల తరువాత కూడా పేజీ మడత పడకుండా అలాగే ఉంది. బస్సు కాంప్లెక్సు దగ్గరి షాపు కూడా అప్పటికి సెల్‌ఫోన్ల దుకాణమైంది. నేను స్కూలు లైబ్రరీలోకి వచ్చే విదేశీ నవలల తెలుగు అనువాదాలు చదువుతున్నాను. మంత్రాలుంటాయి, వాటికొక పద్ధతీ ఉంటుంది, పద్నాలుగేళ్ళప్పుడైతే నేను వాటిని మింగేసేదాన్ని. ఒకదాన్ని పట్టుకెళ్ళి పిన్నికి ఇచ్చాను. రాక్షసిగా పుట్టిన పిల్ల రాక్షసిగానే ఉండిపోయే కథ అది. ఎవరూ ఆమెను మార్చరు. ఇన్నాళ్ళకి దొరికిందని ఆత్రంగా తీసుకెళ్ళాను.

ఆమె కళ్ళజోడు పెట్టుకుని ఇరవై, ముప్ఫై పేజీలు నా ఎదుటే చదివింది. తరువాత పుస్తకం మూసి నా ఒళ్ళో పెట్టింది.

"బాగానే రాసేడే. చిన్నప్పుడు దొరికుంటే బాగుణ్ణు."

"చదవ్వా మరి?"

"నువ్వు చదువు," అంది. "బేగి బయల్దేరు, మళ్ళీ ఆటోలుండవు."

ఆ పుస్తకం నేను మూడు రోజుల్లో చదివేశాను. బాగుంది. ముగింపు దగ్గర ఒకచోట రచయిత తన పద్ధతి తనే తప్పాడనిపించింది, మధ్యలో ఒక వంటగది దృశ్యం మాత్రం ఎంతో బాగా రాశాడు. వంటింట్లో నిలబడి ఈ మాటలు మనసులో వరసగా పేర్చుకున్నాను, శనివారం అరుగు మీద పిన్నికి చెప్పడానికన్నట్టు. మా ఆయన భోజనానికి కూర్చుంటూ బల్ల మీద పుస్తకం పక్కకి జరిపి, బాగుందా అని అడిగారు. బాగుందండీ అన్నాను. ఆయన కంచం ముందుకు లాక్కున్నారు. నేను అన్నం వడ్డించాను.